ఆరో వారం లేని ప్లానర్

పర్లాకిమిడి (ఒడిశా), 2025 జూలై 6, ఆదివారం

రేపట్నుంచి ఐదో సెమిస్టర్. ఈరోజు తొలి ఏకాదశి. అమ్మకి ఉపవాసం, కాబట్టి వంటింట్లో పని తక్కువ, కాబట్టి నన్నెవరూ పిలవలేదు. పొద్దున్న తొమ్మిదికి స్కేలూ పెన్సిలూ పట్టుకుని నేలమీద కూర్చున్నదాన్ని, లేచేసరికి పన్నెండున్నర. కాళ్ళు తిమ్మిరెక్కాయి. అంతసేపూ చేసిందేమిటయ్యా అంటే గళ్ళు గీయడం.

గీయడానికి ముందు పోయిన సెమిస్టర్ ప్లానర్ తీసి చూశాను. నిజానికి అది ప్లానర్ కాదు, నాన్న కొట్టుకి సరుకులు వేసే ఏజెంటు జనవరిలో ఇచ్చిన డైరీ. మొదటి వారం మూడు రంగుల స్కెచ్ పెన్నులతో, పూలూ తీగలతో కళకళలాడుతోంది. రెండో వారానికి పూలు పోయాయి. మూడో వారానికి రంగులూ పోయి నీలం బాల్‌పెన్ను మిగిలింది. ఐదో వారంలో సరస్వతీ పూజ వచ్చింది. ఒడిశాలో చదువుకున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఆ రోజు స్కూళ్ళూ కాలేజీలూ పెళ్ళివారి ఇళ్ళలా ఉంటాయి. పుస్తకాలు అమ్మవారి ముందు పెట్టేస్తాం, ఆ రోజుకి చదువు ముట్టుకోం. నేను వాటితోపాటు డైరీ కూడా పెట్టాను. పుస్తకాలు మర్నాడే తెరిచాను. డైరీ సంగతి మాత్రం ఆ తల్లే చూసుకుంటుందిలే అనుకున్నట్టున్నాను. ఆరో వారం నుంచి తెల్లకాగితాలే. మార్చిలో ఒకచోట అమ్మ రాత, గ్యాస్ బుక్ చేసిన తేదీ. ఏప్రిల్లో రెండు పేజీల నిండా నాన్న రాత, ఎవరెవరు ఎంత బాకీ అని. నా రాత మళ్ళీ కనిపించింది పరీక్షల ముందు రోజున. అదీ ఒకే ఒక్క మాట: ‘అయిపోయాను’.

తేదీలు అచ్చేసిన డైరీతో వచ్చే చిక్కే ఇది. ఒక వారం మానేస్తే ఆ ఏడు ఖాళీ పేజీలూ మనల్ని నిలదీస్తున్నట్టు ఉంటాయి. వాటిని దాటి ముందుకెళ్ళి రాయాలంటే మొహం చెల్లదు. పైగా అవి జనవరిలో మొదలై డిసెంబరులో ఆగుతాయి. జూలైలో మొదలయ్యే చదువుకి సగం పుస్తకం ముందే దండగ. అందుకని ఈసారి తేదీలు లేని గళ్ళ నోట్‌బుక్కు కొన్నాను.

కొనడంలోనూ ఒక కథ ఉంది. నిన్న బహుడా యాత్ర, అంటే రథం తిరుగు ప్రయాణం. దానికోసం టెక్కలి నుంచి అత్త కూతురు వచ్చింది, ఇంటరు చదువుతోంది. ఇద్దరం బజారుకెళ్ళాం. నేను కొట్టతన్ని ఒడియాలో ‘భాయి, గళ్ళ ఖాతా ఉందా’ అని అడిగాను. ఇది నా చెయ్యి పట్టుకుని బయటికి లాగింది. “ఇక్కడ కూడా మీకు బాకీ ఉందేటే?” అంది. ఒడియాలో ఖాతా అంటే నోట్‌బుక్కని చెప్పేసరికి కొట్టతను కూడా నవ్వాడు. టెక్కలికీ మాకూ మధ్య రైల్లో నాలుగైదు స్టేషన్లు. పక్కనున్న పాతపట్నం నుంచే అంతా ఆంధ్రా. ఆ కొంచెం దూరంలోనే ఖాతా అప్పులపుస్తకం అయిపోతుంది.

మా క్లాసులో నా బెంచీమేట్ ఒడియా అమ్మాయి. ప్లానర్ల పిచ్చి నాకు అంటించింది అదే. ఫోన్లో వీడియోలు పంపుతుంది, బుల్లెట్ జర్నల్ అట, ప్రతి పేజీ పెళ్ళి శుభలేఖలా ఉంటుంది. నేను వాటి వెనకాల ఉన్న అసలు పద్ధతి ఏమిటా అని చదివాను. రైడర్ కారల్ అనే అమెరికా డిజైనర్ 2013లో దాన్ని బయటపెట్టాడు. చిన్నప్పటినుంచీ దేనిమీదా మనసు నిలవని ఇబ్బంది ఉన్న మనిషి, తన అవసరానికి తయారు చేసుకున్నాడు. అందులో పూలూ లేవు, తీగలూ లేవు. చేయాల్సిన పనికి చుక్క. అయిపోతే చుక్కమీద ఇంటూ గుర్తు. అవ్వకపోతే బాణం, అంటే ఆ పనిని చేత్తో మళ్ళీ ముందు పేజీలో రాసుకోవాలి. ఈ బాణం నాకు బాగా నచ్చింది. మూడుసార్లు తిరిగి రాసేసరికి విసుగొచ్చి, ఆ పని చేసేస్తాం లేదా అసలు అక్కర్లేదని తేల్చుకుంటాం. పోయిన సెమిస్టర్లో ‘సెమినార్ పేపర్ మొదలుపెట్టాలి’ అని రాసుకుని, అది రాశాను కాబట్టి మొదలుపెట్టినట్టే అని తిరిగాను. స్కెచ్ పెన్నులు ఈసారి తమ్ముడికి ఇచ్చేశాను.

ఇక తేదీలు. అసలు పని ఇక్కడే.

మా ఇంట్లో గోడకి తెలుగు క్యాలెండర్, కొట్లో ఒడియా పాంజీ, అంటే వాళ్ళ పంచాంగం. నాన్నకి రెండూ కావాలి, ఎవరి పండక్కి ఏ సరుకు ఎప్పుడు తేవాలో చూసుకోవాలి కదా. వాటికి తోడు కాలేజీ సెలవుల కాగితం. మూడూ ముందేసుకుని కూర్చున్నాను. ఎనిమిదో వారం భలేగా కుదిరింది. ఆగస్టు 27 బుధవారం వినాయక చవితి, 28 గురువారం నువాఖాయి, 29 శుక్రవారం గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు. నువాఖాయి సంబల్‌పూర్ వైపు పెద్ద పండగ, మా వీధిలో అంత హడావిడి ఉండదు గానీ సెలవు మాత్రం అందరిదీ. మూడో రోజుకి మాకు సెలవు లేదు. వాడుక భాష కోసం పోరాడిన ఆయన మా ఊళ్ళో రాజావారి బడిలో పాఠాలు చెప్పినవారే, సవర భాషకి నిఘంటువు చేసినవారే. ఆంధ్రాలో తెలుగు భాషా దినోత్సవం, ఆయన బతికిన ఊళ్ళో మామూలు శుక్రవారం. ఆ గడిలో ఒక చుక్క పెట్టుకున్నాను.

అది పెట్టాక ఇంకోటి తట్టింది. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ‘అధ్యయన ప్రణాళిక’ అని రాసుకున్నాను పొద్దున్న. ఆ మాట నేనెప్పుడైనా నోటితో అన్నానా? పాఠం ఇంగ్లీషులో చదివి, మేష్టారు ఒడియాలో చెప్తే విని, మనసులో తెలుగులో అనుకునేదాన్ని. నా కోసం రాసుకునే పుస్తకంలో కూడా గ్రాంథికమా! కొట్టేసి ‘ఏ వారం ఏం చెయ్యాలి’ అని రాశాను. పేజీ కొంచెం పాడైంది. పోనీ.

కార్తీకం దగ్గర బాగా ఆలస్యమైంది. ఒడియావాళ్ళ నెల పున్నమితో అయిపోతుంది, మనది అమావాస్యతో. చంద్రుడొక్కడే, కోత పెట్టే చోటు వేరు. అందుకని నా బెంచీమేట్‌కి కుమార పున్నమి మర్నాడు, అక్టోబరు 7నే కార్తీకం మొదలై నవంబరు 5 పున్నమితో సరి. మనకి దీపావళి అమావాస్య వెళ్ళాక, అక్టోబరు 22న మొదలై నవంబరు 20 దాకా. రెండిళ్ళలోనూ నీచు బంద్. మేమిద్దరం టిఫిన్ బాక్సు పంచుకుంటాం. లెక్క చూస్తే అక్టోబరు మొదటి వారం నుంచి నవంబరు మూడో వారం దాకా ఇద్దరం కలిసి చేపలకూర తినే రోజు ఒక్కటీ లేదు! దానికి చివరి ఐదు రోజులూ పంచుక, అప్పుడు కొంగ కూడా చేప ముట్టదంటారు. అది కాగానే నవంబరు 6న ఛాడఖాయి, ఊరంతా చేపలూ మాంసమూ వండుకునే రోజు. ఏటా దాని ఇంటికి పిలుస్తుంది. ఏటా నేను వెళ్ళి పప్పూ అన్నం తిని వస్తాను. వాళ్ళమ్మ పాపం ప్రతిసారీ “ఇంకా అవలేదా మీ కార్తీకం?” అని అడుగుతుంది. నవంబరు 6 గడిలో చుక్క పెట్టి ‘పప్పు’ అని రాశాను.

చదువు లెక్క తొందరగానే తెమిలింది. నాలుగు క్రెడిట్ల పేపరంటే క్రెడిట్‌కి 15 గంటల చొప్పున 60 క్లాసులు. హాజరు 75 శాతం ఉండాలి, అంటే 45. ప్రతి పేపరుకీ వెనక పేజీల్లో 60 చిన్న గళ్ళు గీసి, చివరి 15 గళ్ళకి పెన్సిల్‌తో నీడ వేశాను. ఎగ్గొట్టిన రోజు నీడ గడి ఒకటి కొట్టెయ్యాలి. ఈ 15లో జ్వరాలు, అమ్మమ్మ ఊరు, పెళ్ళిళ్ళు అన్నీ సర్దుకోవాలి. శ్రావణంలో రెండు పెళ్ళిళ్ళున్నాయి. ఇప్పుడే ఆరు గళ్ళు పోయినట్టు.

వారాల గళ్ళు గీస్తూ ఆరో వారం దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది. అక్కడే కదా పోయినసారి మునిగింది. నేను హిస్టరీ చదువుతున్నాను కాబట్టి అప్పుడే గుర్తొచ్చింది, మా దగ్గర ఆరు లేకుండా లెక్కపెట్టే పద్ధతి ఒకటి ఉందే! అంకం. పూరీ గజపతుల ఏలుబడి ఏళ్ళు లెక్కపెట్టేది దాంతోనే. రాజు గద్దెనెక్కిన మొదటి ఏడాదికే 2 అంటారు. 6తో ముగిసే అంకె రాదు. సున్నాతో ముగిసేదీ రాదు, 10కి మాత్రం మినహాయింపు. కాబట్టి శాసనంలో 25వ అంకం అని ఉంటే అది 21వ ఏడు. ఇంటర్నల్ పరీక్షలో ఈ లెక్క తప్పు చేసి రెండు మార్కులు పోగొట్టుకున్నాను కాబట్టి జన్మలో మర్చిపోను. ఇప్పటికీ ఒడియా పాంజీల్లోనూ జాతకాల్లోనూ అంకం వేస్తారు.

ఇంకేం, నా వారాలకీ అంకం పెట్టేశాను. రేపు మొదలయ్యేది 2వ వారం. 5 తర్వాత 7. 15 తర్వాత 17. 19 తర్వాత 21. నవంబరు మూడో వారం దాకా 20 వారాలు గీస్తే చివరిదానికి 24 వచ్చింది. ఎక్కడా ఆరో వారం లేదు.

మధ్యాహ్నం నాన్న భోజనానికి వచ్చి పుస్తకం తిప్పి చూశారు.

“ఏటమ్మా, 5 తర్వాత 7 వేసీసావు?”

చెప్పాను. కాసేపు ఆలోచించారు. “అలాగైతే నాకు బాకీలున్నోళ్ళు కూడా ఆరో నెల లేదంటార్లే,” అని చెయ్యి కడుక్కోడానికి లేచారు.

అమ్మ గుమ్మంలోంచి, “పేరు తీసీస్తే వారం పోద్దేటే?” అంది.

పోదు. ఆగస్టు 11 నుంచి 17 దాకా ఆ వారం అలాగే ఉంది. అందులో పదిహేనో తారీఖు జెండా పండగ, పదహారు కృష్ణాష్టమి. ఆ పేజీలో నేను పనులేమీ వెయ్యలేదు. కిందటి ఐదు వారాల్లో బాణాలు పడ్డవన్నీ అక్కడికి చేరతాయి, అంతే. పేరు మార్చినందుకు కాదుగానీ, అలా ఖాళీ వదిలినందుకు కొంచెం ధైర్యంగా ఉంది.

సాయంత్రం టీవీలో పూరీ నుంచి సునాబేశ చూపించారు, రథాలమీదే స్వామికి బంగారు నగలు. అమ్మ దణ్ణం పెట్టుకుంటూ చూసింది. తమ్ముడు నా స్కెచ్ పెన్నులతో రథం వేస్తున్నాడు. నాకు నిజంగా కావాల్సిన వార్త అప్పుడే ఫోన్లో వచ్చింది. బెంచీమేట్ మెసేజ్: ‘రొటీన్ ఇంకా పెట్టలేదట, బుధవారం పెడతారట.’ మా వైపు టైమ్‌టేబుల్‌ని రొటీన్ అంటారు. అంటే మూడున్నర గంటలు కూర్చుని 20 వారాలు గీశాను, రేపు ఏ గంటకి ఏ క్లాసో మాత్రం నాకు తెలియదు. సోమవారం గడిలో రాయడానికి ఏమీ లేదు.

పడుకోబోతూ మళ్ళీ తెరిచాను. సోమవారం గడి ఖాళీగా లేదు. అమ్మ రాత: ‘పాలవాడికి 340 ఇవ్వాలి.’ ముందు చుక్క కూడా పెట్టింది.