స్టిల్టన్ బెల్ ఇన్: కమాను మీద మైళ్ళు

ఇంగ్లండ్‌లో, కేంబ్రిడ్జ్‌షైర్‌లోని స్టిల్టన్ ఊళ్ళో బెల్ ఇన్ అనే పాత రాతి సత్రం ఉంది. వీధిలోంచి కమాను కింద దూరి, లోపలి ఆవరణలో నిలబడి వెనక్కి తిరిగి చూడాలి. కమాను మీద ఊళ్ళ దూరాలు మైళ్ళలో రాసి ఉంటాయి: హంటింగ్డన్ 12, బక్డెన్ 14, స్టామ్‌ఫర్డ్ 14, లండన్ 74. సత్రం బతుకుదెరువంతా ఆ నాలుగు అంకెల్లోనే ఉంది.

ఈ ఊరు లండన్ నుంచి ఎడిన్‌బరో పోయే గ్రేట్ నార్త్ రోడ్డు మీదిది. జోరుగా లాగే నాలుగు గుర్రాల జట్టుకు 10 నుంచి 14 మైళ్ళు ఒక మజిలీ. అంతకు మించి తోలితే గుర్రం కూలబడుతుంది. రోజూ రెండు వైపులా తిరిగే ఒక్క కోచ్‌కే (ప్రయాణికుల గుర్రబ్బండికే) మైలుకో గుర్రం లెక్క. అంటే 14 మైళ్ళ మజిలీకి దాదాపు 14 గుర్రాలు, వాటికి దాణా, నాడాలు, సాయీసులు. (మన జట్కా గుర్రానికి ఉలవలు, అక్కడ ఓట్స్.) గుర్రాలు ఎక్కువగా సత్రం యజమానివే. మైలుకింత అని కోచ్ వాళ్ళ దగ్గర వసూలు చేసుకునేవాడు.

1784లో టపా కోచ్‌లు మొదలయ్యాక ఆలస్యానికి తావు లేకుండా పోయింది. దూరాన గార్డు బూర వినగానే కొత్త జట్టును జీను సరంజామాతో వాకిట్లో నిలబెట్టాలి. విప్పేటప్పుడు ముందరి జత మొదట, కట్టేటప్పుడు చివర. బండిని ఆపే బలం నొగకు కట్టిన వెనక జతదే. ముందరి జతను ముందే తగిలిస్తే అవి బెదిరి లాగినప్పుడు ఆపేవాళ్ళుండరు. చేయి తిరిగిన సాయీసులు ఇదంతా రెండు నిమిషాల్లో ముగించేవారు. చెమటలు కక్కుతూ వచ్చిన గుర్రాన్ని వెంటనే తొట్టి దగ్గరికి వదిలితే కడుపుశూల వస్తుందని భయం. ముందు నడిపించి, గడ్డితో రుద్ది, ఆ తర్వాతే నీళ్ళు. మెడపట్టీ ఒరుసుకున్న చోట పుండు పడితే వారాల తరబడి ఆ గుర్రం పనికిరాదు.

టపా కోచ్‌లకు ముందే, 1745లో, బెల్ యజమాని కూపర్ థార్న్‌హిల్ పందెం కాసి స్టిల్టన్ నుంచి లండన్‌కు, అక్కణ్ణుంచి వెనక్కి, మళ్ళీ లండన్‌కు గుర్రం మీద పోయాడు. గడువు 15 గంటలు. పట్టింది 12 గంటల 17 నిమిషాలు. ఆయన సత్తువ సరే, దారి పొడుగునా తాజా గుర్రాలు లేకపోతే సగం కూడా పోలేడు.

లెస్టర్‌షైర్ నుంచి తెప్పించిన నీలిచారల జున్నును కోచ్ ప్రయాణికులకు అమ్మి దాని పేరు పెంచింది కూడా ఈయనే అంటారు. ఇక్కడ కొన్నారు కనుక జనం స్టిల్టన్ జున్ను అన్నారు. ఇప్పటి చట్టం ప్రకారం ఆ పేరుతో జున్ను తయారు చేయాల్సింది లెస్టర్‌షైర్, డెర్బీషైర్, నాటింగ్‌హామ్‌షైర్‌లలోనే. స్టిల్టన్‌లో చేస్తే ఆ పేరు పెట్టకూడదు!

1850 నాటికి రైలు పక్కనున్న పీటర్‌బరోకు చేరింది, స్టిల్టన్‌కు రాలేదు. కోచ్‌లు ఆగిపోయాయి, గుర్రపుశాలలు ఖాళీ అయ్యాయి. 20వ శతాబ్దంలో మోటార్లు ఆ రోడ్డుకు మళ్ళీ సందడి తెచ్చినా, 1950ల చివర ఆ రోడ్డునే, అంటే అప్పటికి ఏ1 అని పిలిచే రహదారిని, ఊరి బయటినుంచి మళ్ళించారు. బెల్ ఇప్పుడు హోటల్.