స్టెరాయిడ్ మాత్రలను ఉన్నట్టుండి ఎందుకు మానకూడదు?

ప్రెడ్నిసొలోన్, డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, హైడ్రోకార్టిసోన్ వంటి కార్టికోస్టెరాయిడ్ మందులన్నిటికీ మూలం మన ఒంట్లోనే ఉంది. మూత్రపిండాల పైభాగాన ఉండే అడ్రినల్ గ్రంథుల వెలుపలి పొర రోజూ కార్టిసాల్ అనే హార్మోనును తయారుచేస్తుంది. హైడ్రోకార్టిసోన్ అచ్చంగా ఆ కార్టిసాలే. మిగిలినవి దానికన్నా బలంగా పనిచేసేలా రూపొందించినవి. 20 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ చేసే పనిని సుమారు 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్, ముప్పాతిక మిల్లీగ్రాము డెక్సామెథాసోన్ చేయగలవు కనుక మాత్ర చిన్నదని దాని బలాన్ని తక్కువగా అంచనా వేయరాదు.

ఈ మందు కణంలోకి చేరి, అక్కడ దాన్ని పట్టుకునే గ్రాహకం అనే ప్రొటీన్‌తో కలిసి కేంద్రకంలోకి ప్రవేశించి, వాపును పెంచే రసాయనాలను తయారుచేయించే జన్యువులను అణచివేస్తుంది. వాపును తగ్గించే ప్రొటీన్ల తయారీని పెంచుతుంది. జన్యువుల స్థాయిలో జరిగే పని కాబట్టి పూర్తి ఫలితం కనిపించడానికి కొన్ని గంటలు పడుతుంది. ఉబ్బసం తీవ్రమైనప్పుడు శ్వాసనాళాలను వెంటనే విప్పే మందుతో పాటు స్టెరాయిడ్‌ను కూడా ఆలస్యం చేయకుండా మొదలుపెట్టేది అందుకే.

1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్, ఎడ్వర్డ్ కెండాల్ బృందం తీవ్రమైన కీళ్లవాతంతో బాధపడుతున్న ఒక మహిళకు కార్టిసాల్‌కు దగ్గరి రూపమైన కార్టిసోన్ ఇవ్వగా, కదలలేని స్థితిలో ఉన్న ఆమె కొద్ది రోజుల్లోనే నడవగలిగింది. 1950లో వారిద్దరికీ, స్విట్జర్లాండ్‌కు చెందిన టాడ్యూష్ రైక్‌స్టైన్‌కూ కలిపి నోబెల్ బహుమతి లభించింది. రోగనిరోధక శక్తి సొంత ఒంటిపైనే దాడిచేసే లూపస్, పిల్లల్లో మూత్రం ద్వారా ప్రొటీన్ పోయి ఒళ్లు ఉబ్బే నెఫ్రోటిక్ సిండ్రోమ్, తీవ్రమైన ఎలర్జీలు, కుష్ఠు చికిత్సలో తలెత్తే రియాక్షన్లు, ఇలా ఎన్నో చోట్ల ఈ మందులే ఆధారం. నెలలు నిండకముందే కాన్పు అయ్యే ప్రమాదం ఉన్న తల్లికి ఇచ్చే ఇంజెక్షన్ గర్భంలోని బిడ్డ ఊపిరితిత్తులను త్వరగా పరిపక్వం చేస్తుంది. ఈ మందుల ఉపయోగాలన్నిటిలో నాకు అత్యంత గొప్పగా తోచేది ఇదే.

ఎవరికి, ఎప్పుడు ఇవ్వాలన్నది ఎంత ముఖ్యమో కోవిడ్ కాలం చూపించింది. 2020లో బ్రిటన్‌లో జరిగిన ‘రికవరీ’ అనే పరిశోధనలో రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథాసోన్ వెంటిలేటర్‌పై ఉన్నవారి మరణాలను సుమారు మూడో వంతు, ఆక్సిజన్ తీసుకుంటున్నవారి మరణాలను ఐదో వంతు తగ్గించింది. ఆక్సిజన్ అవసరం లేనివారికి మాత్రం మేలు చేయలేదు. అయినా మరుసటి ఏడాది రెండో వేవ్‌లో మన దేశంలో స్వల్ప లక్షణాలు ఉన్నవారు సైతం ఇంట్లోనే ఈ మాత్రలు మింగారు. అదుపులో లేని మధుమేహానికి ఈ విచ్చలవిడి వాడకం తోడై బ్లాక్ ఫంగస్ ప్రబలింది.

కార్టిసాల్ రక్తంలో చక్కెరను పెంచుతుంది, రోగనిరోధక శక్తిని అణచుతుంది, ఎముకల నిర్మాణాన్ని తగ్గిస్తుంది. అదే పని మోతాదు మించి, నెలల తరబడి జరిగితే మధుమేహం, ఇన్‌ఫెక్షన్లు, గుల్లబారిన ఎముకలు, ముఖం ఉబ్బడం, కంటి శుక్లాలు వంటివి రావచ్చు. అంతకన్నా తక్కువమందికి తెలిసిన ప్రమాదం మరొకటి ఉంది. బయటి నుంచి హార్మోను పుష్కలంగా అందుతుంటే, మెదడులోని హైపోథాలమస్, పీయూష గ్రంథి అడ్రినల్ గ్రంథులకు సంకేతాలు పంపడం మానేస్తాయి. పని లేని ఆ గ్రంథులు క్రమంగా కుంచించుకుపోతాయి. అటువంటి స్థితిలో మాత్రలు హఠాత్తుగా మానేస్తే శరీరానికి కార్టిసాల్ ఎక్కడి నుంచీ అందదు. తీవ్రమైన నీరసం, వాంతులు, రక్తపోటు పడిపోవడం మొదలై ప్రాణాపాయం కూడా కలగవచ్చు. మూడు నాలుగు వారాలకు మించి వాడినవారికి డాక్టరు మోతాదును మెల్లగా తగ్గిస్తూ పోయేది, నిద్రపోయిన గ్రంథులు తిరిగి మేల్కొనేందుకు వ్యవధి ఇవ్వడానికే.

మన ఊళ్లలో మోకాళ్ల నొప్పులకు పొట్లాల్లో చుట్టి ఇచ్చే పేరు తెలియని మాత్రల విషయంలో నా ఆందోళన అంతా ఇక్కడే. అందులో స్టెరాయిడ్ ఉంటే ఆ సంగతి వాడేవారికి తెలియదు, తెలియదు కనుక తగ్గించుకుంటూ మానాలన్న ఎరుకా ఉండదు. ముఖం తెల్లబడుతుందని రాసుకునే, క్లోబెటసాల్ అనే బలమైన స్టెరాయిడ్ ఉన్న క్రీముల సంగతీ అంతే. చర్మం పలచబడి, ఎర్రబడి, మానితే మరింత మండుతుంది. మరోవైపు, స్టెరాయిడ్ అన్న మాట వినగానే పిల్లల ఉబ్బసం ఇన్‌హేలర్‌ను పక్కన పడేసే తల్లిదండ్రులు ఉన్నారు. ఇన్‌హేలర్ ద్వారా అందేది మైక్రోగ్రాముల్లో, నేరుగా శ్వాసనాళాలకు. డాక్టరు చెప్పిన మోతాదులో దానిని క్రమం తప్పకుండా వాడించాలి, పీల్చిన ప్రతిసారీ నోరు పుక్కిలించి ఉమ్మించాలి. అలా చేస్తే నోటిలో ఫంగస్ వల్ల తెల్లటి పూత ఏర్పడే అవకాశం తగ్గుతుంది.