ముందు అడిగారా?

మన పాత విద్యార్థుల సంచికకు "రెండు పేజీలు, ఒక ఫొటో" అన్నారు కమిటీ వాళ్ళు. ఫొటో పంపట్లేదు. అందులో మన లెక్కల బావ (మన బ్యాచ్‌వాడే) జుట్టు చూశాక ఎవరూ వ్యాసం చదవరు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో (యూబీసీలో) మన మొదటి ఏడాదంతా వాన, పప్పుచారు, మళ్ళీ వాన. కాబట్టి నేరుగా మనకు సెమినార్ చెప్పిన మేడమ్ దగ్గరికే వస్తాను.

దీపావళి కరపత్రంలో "మస్క్వియం నేలకు స్వాగతం" అని అచ్చేశాం కదా (క్యాంపస్ ఉన్న నేల మస్క్వియం ఆదివాసీలది), ఆవిడ ఎర్రపెన్ను తీసి అడిగిన మాట: "ముందు అడిగారా?" స్వాగతం పలికే హక్కు ఆ నేలవాళ్ళదే. అతిథి చేయగలిగింది "ఇది మీ నేల" అని ఒప్పుకోవడం వరకే. "అన్‌సీడెడ్" అని ఆ నేలకు వాడే మాటకు అర్థం, ఏ ఒప్పందంలోనూ రాసివ్వనిది అని. "పూర్వం వారిది" అని రాశామంటే మనమే రాసిచ్చేసినట్టు. సభకు మస్క్వియం పెద్దల్ని పిలవాలంటే వారాల ముందే కబురు వెళ్ళాలి, ప్రయాణ ఖర్చు మనం పెట్టుకోవాలి, సంభావన ఆ రోజే చేతికందాలి. ఎక్కువగా తప్పేది ఈ చివరిదే: కొత్త పేరు విశ్వవిద్యాలయం ఖాతాలకెక్కి డబ్బు విడుదలయ్యేసరికి సభ అయిపోయి ఉంటుంది.

మస్క్వియం వాళ్ళ భాష రాతలో కొన్ని అక్షరాల నెత్తిన చిన్న కామా ఉంటుంది, గొంతు బిగించి పలకమని. ఫాంటు సరిగా లేకపోతే ఆ చోట డబ్బాలొస్తాయి, అచ్చం మన ఒత్తులకు పట్టిన గతే. 2018లో క్యాంపస్ వీధి బోర్డుల మీదికి ఆ భాష వచ్చింది.

2017 ఏప్రిల్ 1న క్యాంపస్‌లో నిలబెట్టిన స్తంభం గుర్తుందా? 800 ఏళ్ళ ఎర్ర సీడార్ మాను, 55 అడుగుల ఎత్తు, తాళ్ళు పట్టి లాగింది వందల చేతులు. దాన్ని కింది నుంచి పైకి చదవాలి. నడుమ ఒక రెసిడెన్షియల్ బడి (ఆదివాసీ పిల్లల్ని ఇంటి నుంచి విడదీసి పెట్టిన బడి), దానిపైన పాదాలు చెక్కని పిల్లలు. కొట్టిన వేల రాగి మేకులు ఆ బళ్ళలో చనిపోయిన పిల్లల గుర్తు. అన్నిటికన్నా పైన, రెక్క విప్పబోతున్న గద్ద. చెక్కిన జేమ్స్ హార్ట్ ఉత్తరాది దీవుల హైదా ఆదివాసీ జాతి మనిషి, ఆ నేల మీద ఆయనా అతిథే.

మేడమ్ పదేపదే తలుచుకునేది వర్నా కర్క్‌నెస్‌ని. 1993లో క్యాంపస్‌లో తెరుచుకున్న లాంగ్‌హౌస్ (ఆదివాసీ విద్యార్థుల కోసం కట్టిన పొడవాటి మందిరం) వెనక ఉన్న క్రీ ఆదివాసీ జాతి విద్యావేత్త ఆవిడే. రే బార్న్‌హార్ట్‌తో కలిసి 1991లో నాలుగు మాటలు చెప్పారు: గౌరవం, బతుక్కి పనికొచ్చే చదువు, ఇచ్చిపుచ్చుకోవడం, బాధ్యత. మారాల్సింది విద్యార్థి కాదు, విశ్వవిద్యాలయం అని వాటి సారం.

2015లో ఆ రెసిడెన్షియల్ బళ్ళ మీద విచారించిన కెనడా సత్య, సయోధ్య కమిషన్, ఏమేం చేయాలో చెబుతూ 94 పిలుపులిచ్చింది. మరుసటేడే లేక్‌హెడ్, విన్నిపెగ్ విశ్వవిద్యాలయాలు ఆదివాసీ కోర్సును తప్పనిసరి చేశాయి. మంచిదే. అయితే కోర్సు పెట్టి కొత్త ఆదివాసీ అధ్యాపకుల్ని తీసుకోకపోతే, ఉన్న ఇద్దరే పాఠమూ చెప్పాలి, ప్రతి కమిటీలోనూ కూర్చోవాలి. వాళ్ళ సొంత పరిశోధన అటకెక్కుతుంది. నేనిప్పుడు కూర్చునే సిలబస్ కమిటీలో నియామకాల కాగితం చూశాకే కోర్సు కాగితం మీద సంతకం పెడతాను. మేడమ్ వింటే కళ్ళజోడు పైనుంచి ఒక్క చూపు చూస్తారు, అంతే.

ఆ ఫొటో తప్పదంటారా, లెక్కల బావని ముందు అడగండి.