150 రోజుల పంట

మావారు 2022 మే నెలలో పోయారు. గుండెపోటు. వయసు 53. పొద్దున్నే చేలోకి వెళ్లి వచ్చిన మనిషి మధ్యాహ్నం భోజనానికి లేరు.

సమాధి కార్యక్రమంలో మా పాస్టరు అయ్యగారు బైబిల్లోని మొదటి కొరింథీ పత్రిక 15వ అధ్యాయం చదివారట. నాకు ఒక్క మాటా వినపడలేదు. తరువాత ఆదరణ కూడికలో చదివిన 90వ కీర్తన మాత్రం వినపడింది, గుచ్చుకుంది. మోషే చేసిన ఆ ప్రార్థనలో మనిషి ఆయుష్షు 70 ఏళ్లని, బలముంటే 80 అని ఉంటుంది. నేను మనసులో తీసివేత వేసుకున్నాను. 17 ఏళ్లు తక్కువ. ఆ 17 ఏళ్లూ దేవుడు నాకు బాకీ పడ్డాడన్న కోపంతో చాలా రోజులు ప్రార్థనే మానేశాను.

పలకరించడానికి వచ్చినవాళ్లు దేవుడు తనకు ఇష్టమైనవాళ్లను ముందే పిలుచుకుంటాడని అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. కానీ తండ్రిని పోగొట్టుకున్న పిల్లల ముందు ఆ మాట ఎవరూ అనకూడదు. తమ నాన్నను లాక్కున్నది దేవుడేనని పిల్లలకు అర్థమవుతుంది.

కాగితాల పని సరేసరి. 21 రోజుల్లోపు మరణం నమోదు చేయించాలి, ఆపైన బ్యాంకు, పొలం పాసుపుస్తకం. ప్రతి దరఖాస్తులోనూ ఆయన పేరు ముందు 'లేటు' అని రాయమన్నారు. మొదటిసారి నా చెయ్యి కదల్లేదు. పెద్దమ్మాయి కలం తీసుకుని రాసింది.

నిద్ర పట్టని ఒక రాత్రి యోహాను సువార్త 11వ అధ్యాయం తెరిచాను. లాజరు కథ చిన్నప్పుడు సండే స్కూల్లో నేర్చుకున్నదే, అతడు బ్రతికి బయటికి వచ్చిన చోటు ఒక్కటే నాకు గుర్తు. ఆ రాత్రి అంతకు ముందు జరిగినదంతా చదివాను. యేసు బేతనియ చేరేసరికి లాజరు సమాధిలో ఉండి నాలుగు రోజులు. లాజరు సహోదరి మార్త ఎదురొచ్చి, ప్రభువా, నువ్వు ఇక్కడ ఉండి ఉంటే నా సహోదరుడు చనిపోయేవాడు కాదంది. కాసేపటికి ఇంకో సహోదరి మరియ వచ్చి ఆయన పాదాల మీద పడి అదే మాట అంది. ఆ నాలుగు రోజులూ ఇంట్లో ఇద్దరూ ఒకరితో ఒకరు ఆ మాటే అనుకుని ఉంటారు. నేను నెలరోజులుగా గోడ వైపు తిరిగి అంటున్నదీ అదే. ఆయన వాళ్లను గద్దించలేదు. విశ్వాసం తక్కువైందనీ అనలేదు. మరికాసేపట్లో తానే లేపబోతున్న మనిషి కోసం కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఆ వచనం దగ్గర నేను బైబిలు మూయలేకపోయాను. మే నెల తరువాత దేవుడితో మళ్లీ మాట్లాడింది ఆ రాత్రే. నువ్వు ఉండి ఉంటే, అని మొదలుపెట్టి తెల్లవారేదాకా మాట్లాడాను.

జూన్‌లో కాలువకు నీళ్లొచ్చాయి. మా మరిది వచ్చి, "వదినా, ఈ ఏడాదికి కౌలుకు ఇచ్చేయండి" అన్నాడు. నేనే సాగు చేస్తానన్నాను. ఉన్నది రెండెకరాలు. ఆయన ఎప్పుడూ వేసేది స్వర్ణ, మా పక్కనున్న మారుటేరు పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన వరి రకం. 150 రోజుల పంట. యాభై కిలోల విత్తనాలు ఒక రోజు నానబెట్టి, మొలకెత్తడానికి గోనె సంచుల్లో మండె కట్టాను. మర్నాడు సంచిలో చెయ్యి పెడితే వేడి తగిలింది. జ్వరం వచ్చిన పిల్లల ఒళ్లు అలాగే ఉంటుంది. గింజ గింజకూ తెల్లటి మొలక. అప్పుడు, సమాధి నాడు నేను వినని కొరింథీ పత్రిక అధ్యాయం తీసి చదివాను. విత్తింది చస్తేనే గాని బ్రతకదని పౌలు అందులోనే రాశాడు.

ఆ మొలకలను చూసి నా దుఃఖం తీరిపోయిందని చెప్పను. గింజ రెండు రోజుల్లో మొలిచింది, మావారు రాలేదు. పౌలు ఆశ పెట్టుకున్నది కూడా గింజ మీద కాదు, సమాధిలో నుంచి లేచిన క్రీస్తు మీద. గింజ నాలాంటి దానికి అర్థం కావడానికి చెప్పిన పోలిక. నాకు అర్థమైంది. నేను మట్టిలో వదిలి వచ్చింది పారేసింది కాదు, విత్తింది.

అంతవరకు కేలండరులో ఆయన పోయిన నాటి నుంచి రోజులు గీతలు గీసి లెక్కపెట్టేదాన్ని. నారు పోశాక లెక్క మారింది. నాట్లకు ఎన్నాళ్లు, కలుపుకు ఎన్నాళ్లు, పొట్ట దశకు ఎన్నాళ్లు. మా దినాలు లెక్కించడం మాకు నేర్పమని మోషే అడిగింది కూడా ఆ 90వ కీర్తనలోనే ఉంది. ఆదరణ కూడిక రోజున నాకు 70, 80 మాత్రమే వినపడ్డాయి. ఇప్పుడు ఉదయం లేవగానే ఆ ఒక్క మాటతో ప్రార్థన చేసుకుని చేలోకి వెళ్తున్నాను. కొన్ని రోజులు గట్టు మీద కూర్చుని ఏడ్చి వస్తాను. ఆ రోజులనూ లెక్కలో వేసుకుంటాను.

నవంబర్ 2న సమాధుల పండుగ. ముందు రోజే సమాధికి సున్నం వేశాం. సాయంత్రం బంతిపూలు, చామంతులు పరిచి కొవ్వొత్తులు వెలిగించాం. గాలికి ఆరిపోయినప్పుడల్లా చిన్నది పక్క సమాధి మీది కొవ్వొత్తితో అంటించి తెచ్చింది. "అమ్మా, నాన్నకి పంట సంగతి చెప్పావా?" అంది. దేవుడితో చెప్పానన్నాను.

రెండు వారాల తరువాత కోశాం. మొదటి బస్తా గుడికి పంపాను. యాభై కిలోలు ఎండబెట్టి, తూర్పారబట్టి, వచ్చే సార్వా పంటకు విత్తనాలుగా వేరే సంచిలో కట్టి అటక ఎక్కించాను.