కారు బటన్ల జిగురు వదిలించాను: నా అనుభవం

పాత కారులో బటన్లు, స్విచ్‌లు వేలికి అంటుకోవడం మొదలైతే ఎవరైనా ముందు మురికనే అనుకుంటారు. మా బండి సర్వీసుకు వెళ్లినప్పుడల్లా అక్కడి కుర్రాళ్లు షాంపూ నీళ్లతో తుడిచి, పైన మెరిసే పాలిష్ పూసి పంపేవాళ్లు. వారం తిరక్కుండానే ఏసీ నాబ్ మీద మళ్లీ వేలిముద్రలు అచ్చుపడేవి. ఎండాకాలంలో డోర్ హ్యాండిల్ పట్టుకుని లాగితే అరచేతికి నల్లగా అంటేది. అమ్మ లేతరంగు చీర కట్టుకున్న రోజు ముందు సీట్లో కూర్చోవడం మానేసింది.

ఆ కారు నాన్నగారు 2008లో కొన్నది, యూరప్ కంపెనీ డీజిల్ బండి. పదిహేనేళ్లు నిండాక 2023లో ఫిట్‌నెస్ చేయించి, మరో అయిదేళ్లకు ఆర్‌సీ రెన్యువల్ చేయించుకున్నాం. ఇంజన్, గేర్‌బాక్స్, ఏసీ నిక్షేపంగా ఉన్నాయి. ఇంత మంచి బండిని బటన్లు జిగటగా ఉన్నాయని అమ్ముకోవడానికి నాకు మనసు రాలేదు.

విజయవాడ ఆటోనగర్‌లో నాన్నగారి కాలం నుంచి మా బండి వైరింగ్ పనులు చూసే ఎలక్ట్రీషియన్ ఉన్నారు. బాబాయ్ అని పిలుస్తాను. ఆయన ఏసీ నాబ్‌ను గోటితో గీరి, గోటి కింద చేరిన నల్లటి ముద్దను నాకు చూపించారు. "ఇది దుమ్ము కాదు బాబూ, పైన వేసిన పూతే కరుగుతోంది. ఎంత తుడిచినా వస్తూనే ఉంటుంది. పూత మొత్తం ఊడదీస్తేనే వదులుతుంది" అన్నారు. అప్పటిదాకా అందరూ చేసింది తుడవడమే, ఎవరూ ఊడదీయలేదు.

విషయం ఏమిటంటే, ఆ కాలపు కార్లలో చాలావాటికి గట్టి ప్లాస్టిక్ మీద రబ్బరులా మెత్తగా తగిలే పూత వేసేవారు. సాఫ్ట్ టచ్ అంటారు. ఎక్కువగా అది పాలీయురెథేన్ జాతి రంగు. గాలిలోని తేమ ఏళ్లతరబడి అందులోని అణువుల గొలుసులను తెంపుతూ పోతుంది. జలవిశ్లేషణ అని ఇంటర్‌లో చదువుకున్నది ఇదే. వేడి ఆ పనిని వేగిరపెడుతుంది. చేతి నూనె, చెమట, సన్‌స్క్రీన్, కోవిడ్ రోజుల నుంచి అలవాటైన శానిటైజర్ తలో చెయ్యి వేస్తాయి. మా ఊళ్లో అటు కృష్ణ తేమ, ఇటు మే నెల ఎండ. అద్దాలు మూసి ఎండలో నిలబెట్టిన కారులో డాష్‌బోర్డు 70 డిగ్రీలు దాటుతుంది. మా అపార్ట్‌మెంట్‌లో మాకు నీడ పార్కింగ్ రాలేదు, బండి ఎప్పుడూ బయటే. పాత బైనాక్యులర్లు, కెమెరా గ్రిప్పులు బీరువాలో ఉండి కూడా జిగటగా మారేది ఇందుకే. ఊరట ఏమిటంటే పాడయ్యేది పూత ఒక్కటే. కిందున్న ఏబీఎస్ ప్లాస్టిక్ గట్టిగానే ఉంటుంది.

పాలిష్‌లు ఎందుకు పనిచేయవో అప్పుడు అర్థమైంది. చాలా పాలిష్‌లలో ఉండే సిలికాన్ నూనె చచ్చిన పూత మీద మరో జిడ్డు పొర. టాల్కం పౌడర్ అద్దితే ఒక పూట ఊరట, తర్వాత పౌడర్, పూత కలిసి ముద్ద కడతాయి. పెట్రోలు, థిన్నర్, గోళ్లరంగు తుడిచే అసిటోన్ మాత్రం ఎవరు చెప్పినా వాడకండి. అవి పూతతో పాటు ప్లాస్టిక్‌ను కూడా పాడుచేస్తాయి. వాడాల్సింది ఐసోప్రొపైల్ ఆల్కహాల్. సెల్‌ఫోన్ రిపేరు సామాన్లు అమ్మే షాపుల్లో దొరుకుతుంది, బోర్డులు కడగడానికి వాళ్లు వాడేది అదే. దీని ఆవిరి 12 డిగ్రీల దగ్గరే అంటుకోగలదు, అంటే మన ఊళ్లలో ఏ కాలంలోనైనా నిప్పు దగ్గరకు రానివ్వకూడదు. కారు నాలుగు తలుపులూ తీసి, నీడలో, పొద్దున్నే పని పెట్టుకున్నాను.

పని మొదలుపెట్టే ముందు రాత్రి బాబాయ్ చెప్పిన ఒక పరీక్ష చేశాను. నా లెక్కలో ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా విలువైన అడుగు అది. చీకట్లో పార్కింగ్ లైట్లు వేసి ఒక్కో బటన్ చూడాలి. గుర్తు మాత్రమే లోపలి నుంచి వెలుగుతుంటే, ఆ బటన్ అసలు తెల్లటి, వెలుతురు దూరే ప్లాస్టిక్. దాని మీద నల్లరంగు వేసి, గుర్తు ఆకారాన్ని లేజర్‌తో చెక్కి తీశారన్నమాట. ఆ నల్లరంగు కూడా పోయేలా రుద్దితే రాత్రి బటన్ మొత్తం బల్బులా వెలుగుతుంది, గుర్తు మాయమవుతుంది. వెలగని బటన్ల మీద గుర్తు ఉంటే, అది పూత పైన అచ్చువేసింది కావచ్చు. పూతతో పాటే పోతుంది. మా బండిలో డోర్ హ్యాండిళ్లు, గేర్ చుట్టూ ఉన్న ప్యానెల్, ఏసీ నాబ్‌ల అంచులకు ఏ గుర్తులూ లేవు. ఏసీ బటన్లు, హజార్డ్ స్విచ్ (నాలుగు ఇండికేటర్లనూ ఒకేసారి వెలిగించేది) వెలిగే రకం. ప్రతి బటన్‌కూ ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకున్నాను.

గుర్తులు లేనివి ముందు పట్టాను. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసేసి, నాబ్‌లు నిటారుగా లాగి తీశాను. ప్యానెళ్లకు ఇనుప స్క్రూడ్రైవర్ పెడితే అంచులు చీరుకుపోతాయి, ప్లాస్టిక్ పట్టీలతోనే క్లిప్పులు వదిలించాలి. స్టీరింగ్ మీది బటన్లను ఊడదీసే ఆలోచనే పెట్టుకోలేదు, దాని వెనక ఎయిర్‌బ్యాగ్ ఉంది. వాటిని ఉన్నచోటే తుడిచాను.

ముందుగా ప్యానెల్ వెనకవైపుకు మడిచిన అంచు మీద ఐసోప్రొపైల్‌తో తుడిచి చూశాను, ప్లాస్టిక్‌కు ఏమీ కాలేదు. ఆ తర్వాత పాత కాటన్ బనియన్ ముక్క తడిపి పూత మీద అర నిమిషం అదిమి పట్టి, ఒకే దిక్కుకు లాగాను. పూత ఎండకు కరిగిన తారులా గుడ్డకు చుట్టుకుని వచ్చింది. ఇక్కడ చాలామందికి ధైర్యం పోతుంది. మొదటిసారి తుడిచాక ముందుకన్నా ఘోరంగా, మచ్చలు మచ్చలుగా, ఇంకా జిగటగా కనిపిస్తుంది. అది సగం దారి, ఆగకూడదు. గుడ్డ నల్లబడగానే పారేసి కొత్త ముక్క అందుకోవాలి, లేకపోతే తీసిన జిగురే మళ్లీ పూసినట్టవుతుంది. సందుల్లో పాత టూత్‌బ్రష్, మూలల్లో పుల్లకు చుట్టి ఆల్కహాల్‌లో ముంచిన గుడ్డ. బ్లేడు వాడలేదు, ప్లాస్టిక్ మీద గీత పడితే ఎప్పటికీ ఉండిపోతుంది. మా అమ్మాయి పక్కన కూర్చుని బనియన్ ముక్కలు కత్తిరించి ఇస్తూ, "నాన్నా, ఇది ఎప్పటికైనా అయిపోతుందా?" అని అడుగుతూనే ఉంది. మధ్యాహ్నానికి డోర్ హ్యాండిళ్లు అయ్యాయి. కింద నల్లటి, కొంచెం నిగనిగలాడే గట్టి ప్లాస్టిక్ తేలింది.

వెలిగే బటన్ల సంగతి వేరు. గుడ్డ తడి ఉందా లేదా అన్నంతగా పిండి, బటన్ మీద తేలిగ్గా ఒక్కసారి లాగి ఆరనివ్వడం, వేలితో ముట్టి చూడటం. జిగట పోగానే వదిలేయాలి, నున్నగా రావాలని చూడకూడదు. బటన్ మూలల్లో తెలుపు తొంగి చూస్తోందా అని ప్రతిసారీ చూసుకున్నాను. ఏసీ బటన్లన్నీ గుర్తులతో సహా నిలిచాయి. హజార్డ్ స్విచ్ ఎర్ర త్రికోణం అంచు కాస్త పలచబడింది కానీ పగలూ రాత్రీ స్పష్టంగానే కనిపిస్తోంది. అత్యవసరంలో వెతికే స్విచ్ కాబట్టి దాని గురించి ఎక్కువ భయపడ్డాను.

పాత కార్లు విప్పి అమ్మే చోట ప్యానెల్ కొని మార్చేద్దామని ఒకరు సలహా ఇచ్చారు. ఆటోనగర్‌లో దొరుకుతాయి కూడా. కానీ ఆ ప్యానెల్ వయసూ మన బండి వయసే, దాని పూతా ఇదే దారిలో ఉంటుంది. పట్టుకుని చూశాను, అదీ అంటుకుంది.

డ్రైవర్ తలుపు మీద అద్దాల స్విచ్‌ది ఇంకో రకం జిగట. ఎప్పుడో చెరకురసం ఒలికింది. నొక్కితే స్విచ్ కిందే ఇరుక్కుని, అద్దం దానంతటది దిగిపోయేది. చక్కెర ఐసోప్రొపైల్‌లో కరగదు, నీళ్లలోనే కరుగుతుంది. అందుకని స్విచ్ విప్పి, పై మూతలు, లోపలి రబ్బరు పొర గోరువెచ్చని నీళ్లలో నానబెట్టాను. ఆ రబ్బరు కింద నల్లటి కార్బన్ చుక్కలుంటాయి, కరెంటు కలిపేది అవే, వాటిని గీరకూడదు. బోర్డును డిస్టిల్డ్ నీళ్లు తడిపిన మెత్తటి బ్రష్‌తో తుడిచి, ఆ నీటిని తరిమేయడానికి చివర ఐసోప్రొపైల్ పట్టించాను. రాత్రంతా ఫ్యాన్ కింద ఆరనిచ్చి బిగిస్తే, నొక్కిన వెంటనే టక్కున పైకి లేస్తోంది.

మళ్లీ సాఫ్ట్ టచ్ రంగు వేయించమంటారా అని బాబాయ్‌ని అడిగితే వద్దన్నారు, నాకూ వద్దనే అనిపించింది. మన ఎండల్లో అది మళ్లీ ఇదే దశకు వస్తుంది. ఉన్న ప్లాస్టిక్‌ను తడిగుడ్డతో తుడిస్తే చాలు. కొంచెం గట్టిగా, కొంచెం మెరుపుగా ఉంటుంది కానీ చేతికి ఏమీ అంటదు. ముందు అద్దానికి అట్ట సన్‌షేడ్ కొన్నాను. ఇక మీటర్ల చుట్టూ ఉన్న పట్టీ ఒక్కటే మిగిలింది. అది తీయాలంటే స్టీరింగ్ కాలమ్ కవర్ విప్పాలి, ఆ పని బాబాయ్ షాపులో ఆయన చేతే చేయిస్తాను.