50 వాట్లు, 48 గంటలు: శ్రీకాకుళం నుంచి ఒక రేడియో పోటీ

అక్టోబరు చివరి పూర్తి శని ఆదివారాల్లో ప్రపంచంలోని హామ్ రేడియో వాళ్లలో, అంటే లైసెన్సు తీసుకుని సరదాకి సొంత రేడియో సెట్లతో మాట్లాడుకునేవాళ్లలో, వేలాది మంది ఒకేసారి సెట్ల ముందు కూర్చుంటారు. సీక్యూ వరల్డ్ వైడ్ అనే ఈ పోటీ గ్రీన్విచ్ కాలమానం ప్రకారం శనివారం సున్నా గంటలకు మొదలై 48 గంటలు నడుస్తుంది. మన గడియారంలో అది శనివారం తెల్లవారి 5.30 నుంచి సోమవారం తెల్లవారి 5.30 వరకు. వీలైనన్ని దేశాలను పలకరించాలి, వీలైనన్ని స్టేషన్ల పేర్లు లాగ్‌లో, అంటే మాట్లాడినవాళ్ల పట్టికలో, చేరాలి. మధ్యలో ఇంటర్నెట్టు, ఉపగ్రహం, సెల్ టవరు ఏవీ ఉండవు. మేడ మీద కట్టిన తీగ నుంచి బయలుదేరిన తరంగం అయనోస్ఫియర్ అనే పై వాతావరణపు పొర దాకా వెళ్లి, అక్కడ వంగి, మళ్లీ భూమికి దిగుతుంది.

మా ఊరు శ్రీకాకుళం నుంచి కళింగపట్నం వెళ్లే దారిలో ఉంది. నాది రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ లైసెన్సు, అంటే వీయూ3తో మొదలయ్యే కాల్ సైన్, గాలిలో నా స్టేషన్ పేరు. టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం దీన్ని ఇస్తుంది. పరీక్షలో కొంత ఎలక్ట్రానిక్స్, కొంత నిబంధనల గురించి అడుగుతారు. చదివితే ఎవరికైనా వచ్చేదే కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్పను. ఈ గ్రేడ్ వాళ్లకు హెచ్‌ఎఫ్ బ్యాండ్లలో, అంటే దూరదేశాలకు చేరే షార్ట్‌వేవ్ బ్యాండ్లలో, 50 వాట్లే పరిమితి. పెద్ద స్టేషన్ల వాళ్లు కిలోవాట్ దాటి పంపుతారు. ఆ తేడా విని చాలామంది పోటీ మనకెందుకని ఆగిపోతారు. నేనూ అలాగే ఆగిపోయేవాడినేమో. విశాఖలో ఉండే ఒక పెద్దాయన ఫోనులో ఒక మాట చెప్పబట్టి దిగాను. ఓడల్లో రేడియో ఆఫీసరుగా పనిచేసి రిటైరైన మనిషి, నేను మాస్టారూ అని పిలుస్తాను.

"నీ గొంతు వాళ్లకు చేర్చే పని యాంటెనా చూసుకుంటుంది బాబూ. వాళ్ల గొంతు నీకు వినపడుతోందా? ముందు ఇంట్లో రొద తగ్గించు" అన్నారు.

నా సెట్‌లో ఎవరూ మాట్లాడని చోట కూడా సిగ్నల్ బలాన్ని ఎస్ యూనిట్లలో చూపే మీటరు ముల్లు ఎస్7 దగ్గర నిలబడి ఉండేది. అంతకంటే బలహీనమైన గొంతులన్నీ ఆ బుసబుసలో మునిగిపోతాయి. మాస్టారు చెప్పిన పద్ధతి ప్రకారం సెట్‌ను బ్యాటరీకి కలిపి ఇంటి మెయిన్ స్విచ్ ఆపేశాను. ముల్లు ఒక్కసారిగా జారింది. అంటే రొదలో ఎక్కువ భాగం మా ఇంటిదే. తర్వాత ఒక్కొక్క స్విచ్చూ వేస్తూ ముల్లును చూస్తూ కూర్చున్నాను. ఎల్‌ఈడీ బల్బుల్లో కొన్ని, ఫోను ఛార్జర్లు, ఇన్వర్టరు దోషులని తేలాయి. బల్బులు మార్చాను. ఛార్జర్ల తీగలను రొదను అడ్డుకునే ఫెర్రైట్ రింగుల్లో నాలుగైదు చుట్లు తిప్పాను. పోటీ రెండు రోజులూ ఇన్వర్టరును పూర్తిగా ఆపేసి, దాని బ్యాటరీని మాత్రం సెట్‌కు వాడుకోవాలని నిర్ణయించుకున్నాను.

ఇంట్లో రొద పోయాక బయటిది తెలిసింది. తెల్లవారుజామున మాత్రమే చిటపటమని వచ్చే శబ్దం అది. చిన్న ట్రాన్సిస్టర్ పట్టుకుని వీధి వెంట నడిస్తే కరెంటు స్తంభం దగ్గర పెరిగింది. సముద్రపు గాలికి పింగాణీ ఇన్సులేటర్ల మీద ఉప్పు పేరుకుంటుంది. దాని మీద మంచు పడి తడిస్తే సన్నగా కరెంటు పాకుతుంది. ఎండ ఎక్కితే ఆరి ఆగిపోతుంది, గట్టి వాన పడితే కడుక్కుపోతుంది. దానికి నేను చేయగలిగింది లైన్‌మన్‌కు చూపించడమే. ఆయన ఓపికగా విని, లైను ఆపిన ఒక రోజు తుడిచి వెళ్లాడు.

ఇదంతా అయ్యాక ముల్లు ఎస్3కి దిగింది. లెక్క చూస్తే దీని విలువ తెలుస్తుంది. ఒక ఎస్ యూనిట్ అంటే 6 డెసిబెల్స్. నాలుగు యూనిట్లు తగ్గితే 24. అంటే అవతలి స్టేషన్లన్నీ నా కోసం తమ శక్తిని 250 రెట్లు పెంచుకున్నంత లాభం. నేను 50 వాట్లను 100 చేసినా అవతలివాళ్లకు పెరిగేది 3 డెసిబెల్స్, అర యూనిట్. యాంప్లిఫయర్ల గురించి కలలు కనే కొత్తవాళ్లకు ఈ లెక్క ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు రాదు.

యాంటెనా సంగతి. మా తీరంలో సరుగుడు తోటలకు కొదవలేదు కాబట్టి స్తంభం కోసం వెతకక్కరలేదు. పొడవైన కర్ర ఒకటి కొని మేడ పిట్టగోడకు బిగించాను. వలలు అల్లేవాళ్లు వాడే నైలాన్ తాడు ఉప్పుగాలికి, ఎండకు తట్టుకుంటుంది, అదే వాడాను. నేను కట్టింది డైపోల్, అంటే మధ్యలో కేబుల్ కలిపే తీగ యాంటెనా. దాని పొడవు మీటర్లలో కావాలంటే 142.5ను మెగాహెర్ట్జ్‌లో ఉన్న ఫ్రీక్వెన్సీతో భాగిస్తే చాలు. 14.2కు (20 మీటర్ల బ్యాండ్) సుమారు 10 మీటర్లు, 21.25కు (15 మీటర్ల బ్యాండ్) 6.7, 28.5కు (10 మీటర్ల బ్యాండ్) 5. బ్యాండ్ పేరులోని మీటర్లు తరంగం పొడవు, తీగది అందులో సుమారు సగం. ఇళ్లలో వైరింగుకు వాడే రాగి తీగ సరిపోతుంది. తొడుగు ఉన్న తీగ కాబట్టి కాస్త కత్తిరించాల్సి వచ్చింది. నానోవీఎన్‌ఏ అనే చిన్న పరికరం పెట్టి ఎక్కడ కుదురుతోందో చూస్తూ కత్తిరించాను. మూడు జతల తీగలకూ ఒకే కేబుల్. కేబుల్ తీగను కలిసే చోట ఫెర్రైట్ రింగులో చుట్టి చోక్ పెట్టాను. లేకపోతే కేబుల్ పైతొడుగు కూడా యాంటెనాలా పనిచేసి ఇంటి రొదను మళ్లీ మోసుకొస్తుంది.

ఏ దిక్కుకు కట్టాలన్నది పాయింట్ల లెక్క మీద తేల్చుకున్నాను. డైపోల్ తన పొడవుకు అడ్డంగా ఎక్కువ పంపుతుంది. ఈశాన్యం నుంచి నైరుతికి కడితే వాయవ్యానికి, అంటే ఐరోపాకు బాగా చేరుతుంది. వేరే ఖండంతో మాట్లాడితే 3 పాయింట్లు, ఆసియాలోని వేరే దేశంతో అయితే ఒకటే. భారతదేశంలోని స్టేషన్‌తో మాట్లాడితే పాయింటు రాదు, జోన్ (పోటీ కోసం ప్రపంచాన్ని విడగొట్టిన భాగం), దేశం మాత్రం లెక్కలోకి వస్తాయి. మొత్తం పాయింట్లను ప్రతి బ్యాండ్‌లోనూ దొరికిన జోన్లు, దేశాల మొత్తంతో గుణిస్తారు. అందుకే ఒక కొత్త దేశం దొరికితే వరుసగా పదిమంది జపానీయులు దొరికినంత సంతోషం.

లాగింగ్‌కు ఎన్1ఎంఎం అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడాను. ఫ్రీక్వెన్సీని సెట్ నుంచి అదే చదువుకుంటుంది. కాల్ సైన్ టైపు చేయగానే ఇంతకుముందు మాట్లాడిన స్టేషన్ అయితే బూడిద రంగులో, కొత్తదైతే నీలంలో, గుణకం పెంచేదైతే ఎరుపులో, జోన్, దేశం రెండూ కొత్తవైతే ఆకుపచ్చలో చూపిస్తుంది. పిలుపును ముందే నా గొంతుతో రికార్డు చేసి ఎఫ్1 మీటకు కట్టుకున్నాను. రెండు రోజులు అరిస్తే గొంతు నిలవదు. చిక్కల్లా 10 మీటర్ల బ్యాండ్‌లో పంపినప్పుడల్లా కీబోర్డు బిగుసుకుపోవడం. రేడియో శక్తి యూఎస్‌బీ తీగలోకి దూరుతోంది. దానికీ ఫెర్రైట్ రింగే మందు.

శనివారం 5.30కి మొదలుపెట్టాను. సూర్యుడు పైకి రాగానే 10 మీటర్ల బ్యాండ్ తెరుచుకుంది, జపాన్ నిండిపోయింది. ప్రతివాళ్లూ చెప్పేది రెండే విషయాలు: సిగ్నల్ నివేదికగా 59, తర్వాత తమ జోన్. జపాన్ 25, మనం 22. నేను "ఫైవ్ నైన్ టూ టూ" అనడం, వాళ్లు "ఫైవ్ నైన్ టూ ఫైవ్" అనడం, అంతే, పని ముగిసింది. మధ్యాహ్నం దాటాక 15 మీటర్లలో ఐరోపా వినపడటం మొదలైంది. ఒక ఖాళీ చోటు చూసుకుని నేనే పిలవడం మొదలుపెట్టాను. మన దేశం నుంచి పోటీలో కూర్చునేవాళ్లు తక్కువ కాబట్టి మన దేశపు కాల్ సైన్ మొదలయ్యే వీయూ అనగానే వాళ్లు ఎగబడతారు. ఇటలీ, జర్మనీ, పోలండ్ అన్నీ ఒకేసారి. ఆ గుంపులో మొదట ఏమీ తెలియదు. రెండు అక్షరాలు పట్టుకుని, ఆ రెండే తిరిగి చెప్పి, ఆ స్టేషన్ పూర్తయ్యేదాకా వేరెవరికీ జవాబివ్వకూడదు. ఇలా చేస్తే గుంపు దానంతట అదే క్రమంలోకి వస్తుంది. అక్షరాలు స్పష్టంగా తెలియడానికి ఒక్కో అక్షరానికి ఒక్కో మాట వాడతారు. అందులో ఆల్ఫాకు బదులు అమెరికా, గోల్ఫ్‌కు బదులు జర్మనీ, జులూకు బదులు జాంజిబార్ అనే వాళ్లుంటారు, దానికీ చెవి అలవాటు పడాలి. రొద తగ్గించకపోయి ఉంటే ఈ గొంతుల్లో సగం నాకు చేరేవే కావు. పిలిచి పిలిచి నేను వినలేదని వెళ్లిపోయేవాళ్లు.

అమెరికా దారి మనకు ఉత్తర ధ్రువం మీదుగా పోతుంది, అందుకే కష్టం. సాయంత్రం కాసేపు సన్నగా తెరుచుకుంది. తూర్పు తీరంలోని పెద్ద స్టేషన్ ఒకటి నా కాల్ సైన్‌లో ఒక అక్షరం తప్పుగా చెప్పింది. నేను సరిదిద్దాను, మళ్లీ అడిగింది, మళ్లీ చెప్పాను. సరిగ్గా రాసుకునే వరకు ఆ మనిషి నన్ను వదలలేదు. గంటకు వందల మందితో మాట్లాడే స్టేషన్ 50 వాట్ల గొంతు కోసం ఆగిందంటే ఆ మర్యాదకు నాకు ఎంతో గౌరవం కలిగింది.

ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోయింది. సెట్, ల్యాప్‌టాప్ రెండూ బ్యాటరీ మీదే ఉన్నాయి కాబట్టి నాకు తేడా తెలియలేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ చూసినవాళ్లం మేము. స్తంభాలు కూలి, ఫోన్లు మూగబోతే పక్క మండలానికి కూడా కబురు పోదు. అలాంటి నెలలోనే ఈ పోటీ రావడం నాకు మంచిదనిపిస్తుంది. తీగ, బ్యాటరీ, చెవి మూడూ ఏడాదికోసారి పూర్తి పరీక్షకు నిలబడతాయి.

పోటీ ముగిశాక 5 రోజుల్లో లాగ్‌ను కాబ్రిల్లో అనే ఫైలుగా పంపాలి. పోటీ అయ్యాక రికార్డింగులు విని, జాబితాలు చూసి కాల్ సైన్లు దిద్దకూడదని నిబంధన. నిర్వాహకులు వేల లాగ్‌లను ఒకదానితో ఒకటి పోల్చి చూస్తారు. ఒక అక్షరం తేడా ఉన్నా ఆ పాయింట్లు పోవడమే కాక, వాటికి రెట్టింపు అదనంగా కోస్తారు. కొన్ని నెలల తర్వాత ఏది ఎందుకు పోయిందో వరుసగా రాసిన నివేదిక వస్తుంది. నాకు ధ్రువపత్రం కంటే అదే విలువైనది. నాకు పోయినవి కొద్దే, వాటిలో ఎక్కువ శనివారం అర్ధరాత్రి దాటాక రాసుకున్నవి. వచ్చే ఏడాది ఆ వేళ మూడు గంటలు పడుకుంటాను. ఈలోగా చుక్కలు, గీతలతో పంపే మోర్స్ కోడ్ నేర్చుకుని పై మెట్టు లైసెన్సు అయిన జనరల్ గ్రేడ్ రాయాలి, నవంబరులో జరిగే మోర్స్ పోటీకి అది కావాలి. 40 మీటర్ల బ్యాండ్‌కు కావాల్సిన తీగకు మేడ చాలదు, పక్కింటి కొబ్బరిచెట్టుకు తాడు కట్టుకోనిస్తామని బాబాయి, పిన్ని ఇప్పటికే ఒప్పుకున్నారు.