పొగ చూసి వాచీ నొక్కాలి

నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు స్కూల్ గేమ్స్ మీట్‌లలో ఇలాంటి మాట వినబడుతుంటుంది: "మా పాప వంద మీటర్లు 11.9లో కొట్టింది సార్, 1982 ఢిల్లీ ఏషియాడ్‌లో ఉషకు సిల్వర్ తెచ్చింది 11.95యే కదా!" పిల్ల పరుగును తక్కువ చేయట్లేదు. కానీ ఒకటి స్టాప్‌వాచీని చేత్తో నొక్కి తీసిన టైము (చేతి టైము), ఇంకోటి తుపాకీతో పాటే దానంతటదే మొదలై గీత దగ్గర కెమెరా పట్టే ఫొటో ఫినిష్ (ఎలక్ట్రానిక్) టైము.

పరుగు మొదలుపెట్టే స్టార్టర్ తుపాకీ పేలిందని కన్ను పసిగట్టాక గానీ టైమ్‌కీపర్ వేలు కదలదు. గీత దగ్గర మాత్రం మనిషి వస్తున్నది ముందే కనబడుతుంది కాబట్టి ఆ ఆలస్యం ఉండదు. అందుకే 100, 200 మీటర్ల చేతి టైముకు 0.24 సెకన్లు, 400కు 0.14 కలిపి పోలుస్తారు. అంటే ఆ 11.9 అసలు 12.14.

అదీ తుపాకీ పొగ చూసి నొక్కితేనే. చప్పుడు విని నొక్కితే, అది వంద మీటర్లు దాటి చెవికి చేరేసరికి ఇంకో 0.29 పోతుంది. 200కు ఇది రెట్టింపేమీ కాదు. 400 మీటర్ల ట్రాక్‌లో 200 స్టార్టు నుంచి ఫినిష్‌కు అడ్డంగా కొలిస్తే దాదాపు 112 మీటర్లే. 400కు స్టార్టూ ఫినిషూ ఒక్కచోటే, సవరణ తక్కువ ఉండేది అందుకే.

ఎర్రమట్టి దుమ్ములో పొగ కనబడదు, స్టార్టర్ వెనక నల్లగుడ్డ కట్టాలి. తుపాకీ లేకపోతే క్లాపర్‌ను (టప్పున కొట్టే చెక్క పలకల జతను) తలపైకెత్తి కొట్టాలి. అన్నిటికంటే చెడ్డది విజిల్, చూడ్డానికి ఏమీ ఉండదు. తప్పదనుకుంటే విజిల్‌తో పాటే జెండా దించాలి.

టైమ్‌కీపర్లు ఫినిష్ గీతకు సూటిగా, బయటి లేన్‌కు కనీసం 5 మీటర్ల దూరంలో, మెట్ల మీద ఉండాలి. ఛాతీ గీతను తాకగానే నొక్కాలి, తలో చెయ్యో కాదు. మూడు వాచీల్లో రెండు కలిస్తే అదే టైము, మూడూ వేరైతే మధ్యది. రెండే ఉంటే ఎక్కువ చూపించినది. వాచీలో 11.91 పడితే షీట్‌లో 12.0 రాయాలి, పై పదో వంతుకే పోవాలి.

పాత ఏషియాడ్ అంకెల్నీ ఇలాగే చదవాలి. 1951లో ఢిల్లీలో లావీ పింటో వంద మీటర్లు 10.8లో గెలిచాడు, అది చేతి టైము, ఇప్పటి లెక్కన 11.04. మిల్ఖా సింగ్ 1960 రోమ్ ఒలింపిక్స్ 400 మీటర్ల పరుగుకైతే చేతి టైము 45.6, ఎలక్ట్రానిక్ టైము 45.73 అని రెండున్నాయి. 1998లో పరమ్‌జీత్ సింగ్ 45.70 పరిగెత్తినప్పుడు, జాతీయ రికార్డు పోయిందా లేదా అని గొడవ వచ్చింది అక్కడే.

ఏడు పోటీల పాయింట్లు కలిపే హెప్టాథ్లాన్‌లో ఇది ఇంకా బాగా తెలుస్తుంది. 2023లో హాంగ్‌ఝౌ ఏషియాడ్‌లో తెలంగాణ అమ్మాయి అగసర నందిని 5712 పాయింట్లతో కాంస్యం గెలిచింది, నాలుగో స్థానంలో ఉన్న స్వప్న బర్మన్‌వి 5708. నాలుగే పాయింట్లు! 200 మీటర్లలో 24.5 దగ్గర 0.24 సెకన్ల విలువ సుమారు 22 పాయింట్లు. పాయింట్ల పుస్తకంలో చేతి టైముకు వేరే పట్టిక ఉంటుంది. తొందరలో ఎలక్ట్రానిక్ పట్టిక చూసి వేశారంటే, ఆ 22 ఊరికే కలిసిపోతాయి.